రోమను రాజ్యతంత్రమున శబ్దశక్తి : సిసిరో ఫిలిప్పికోపన్యాసముల పరిశీలనము

ప్రాచీన రోమను రాజ్యమున వాక్కునకు గల ప్రాభవమును గూర్చి ముచ్చటించునపుడు మన దేశమున చదువుకొన్నవారికి మొదట జ్ఞప్తికి వచ్చునది సీజరు శవముచెంత ఆంటనీ చేసిన యుపన్యాసము. షేక్స్పియరు నాటకము తరతరములుగా కళాశాలలలో పాఠ్యగ్రంథమై యుండుటయు, వావిలాల వాసుదేవశాస్త్రిగారు పందొమ్మిదవ శతాబ్దముననే దానిని 'సీజరు చరిత్రము' అను పేర తెనిగించి యుండుటయు ఇందులకు కారణములు. అందు ఒక్క వక్త తన మాటల నేర్పుచే వేలకొలది జనుల మనస్సులను నిమిషములలో త్రిప్పివేయును. రోమున వాక్శక్తి యనగా ఇదియే యని మనము నమ్ముచు వచ్చితిమి.

చరిత్ర గ్రంథములు ఈ సంఘటనమును ఏకకంఠముగా చెప్పుటలేదు. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున వ్రాసిన అప్పియను ఆంటనీ నోట దీర్ఘమైన యుపన్యాసమును పెట్టినాడు. సుటోనియసు కథనము వేఱు. ఆంటనీ ప్రశంసోపన్యాసము చేయుటకు మాఱుగా, సీజరునకు సకల గౌరవములను ప్రసాదించిన సెనేటు తీర్మానమును, సీజరు ప్రాణమును కాపాడుదుమని సెనేటరులందఱును చేసిన ప్రమాణమును చాటువానిచే చదివించి, తాను మిక్కిలి కొలది మాటలను మాత్రమే చేర్చెనట. వీరిలో నెవరిది నిజమో నిర్ణయించుట ఈ వ్యాసమునకు పని కాదు. సుటోనియసు చెప్పినదే నిజమైనచో మాత్రము, నాడు ఫోరమున చితి రగిల్చినవి అలంకారశోభితములైన వాక్యములు కావు. ఒకనాడు విధ్యుక్తముగా పలుకబడి, మఱియొకనాడు భగ్నమైన ప్రమాణవాక్యములు.

ఈ భేదమును ఆధారముగా చేసికొని మేము ప్రతిపాదింపగోరునది ఇది. రోమను రాజ్యతంత్రమున మాటకు బలము దాని సొగసువలన వచ్చినది కాదు. ఏ మాటను, ఏ స్థలమున, ఎవరు పలికినచో అది కార్యమగునో నిర్ణయించిన కట్టుబాటువలన వచ్చినది. సిసిరో క్రీ.పూ. 44-43 సంవత్సరములలో ఆంటనీపై సంధించిన పదునాలుగు ఫిలిప్పికోపన్యాసములను ఈ దృష్టితో చదివినచో, విమర్శకులు వానికి తఱచుగా కట్టుచు వచ్చిన తరతమభావము తలక్రిందగునని మా యభిప్రాయము.

ఆ కట్టుబాటును గూర్చి ముందుగా కొంత చెప్పవలసియున్నది. నేడు అంతర్జాతీయ వ్యవహారములలో వినవచ్చు 'వీటో' యను మాటకు లాటినున 'నిషేధించుచున్నాను' అని యర్థము. ప్రజల పక్షమున నెన్నికైన ట్రిబ్యూను ఒక్కడు అడ్డుచెప్పినచో ఎంతటి శాసనమైనను నిలిచిపోవలసినదే. క్రీ.పూ. 133లో టైబీరియసు గ్రాకసు భూసంస్కరణ శాసనమునకు తోడి ట్రిబ్యూను ఒకడు అట్లే అడ్డుపడగా, ఆ యొక్క మాటను దాటుటకు వేఱు త్రోవ కానరాక, గ్రాకసు అతనిని ప్రజల యోటుచే పదవినుండి తొలగించెను. ఆ యేటనే గ్రాకసును కొట్టి చంపిరి. ఇక బహిరంగ సభలందు ఎవరు పడిన వారు లేచి మాటాడుటకు వీలులేదు. సభను పిలుచుట పదవియందున్నవాని హక్కు. అతడు పిలిచి వేదిక యెక్కించినవాడే మాటాడవలయును. ఆ వేదికకు 'రోస్ట్రా' యని పేరు. క్రీ.పూ. 338లో ఆంటియము పట్టణమునుండి తెచ్చిన యుద్ధనౌకల ముక్కులను దానికి తాపడము చేసిరి గనుక ఆ పేరు వచ్చినది. క్రీ.పూ. 92లో సెన్సారులు లాటిను భాషలో వక్తృత్వము నేర్పు క్రొత్త బడులను గర్హించుచు ప్రకటన గావించిరి. అందొకడైన క్రాససు ఆ కాలమున మహావక్త యగుట గమనింపదగినది. మాట నేర్చినవాడే మాట నేర్పుబడులకు వెఱచినాడు!

ఇక ఫిలిప్పికముల సంగతి. మాసిడోనియా రాజగు ఫిలిప్పుపై డెమోస్తనీసు చేసిన ప్రసంగములను దలచుకొని సిసిరో తానే పరిహాసముగా ఈ పేరు పెట్టగా, బ్రూటసు దాని కంగీకరించెను. సీజరు హత్య జరిగినది క్రీ.పూ. 44 మార్చి 15న. సెప్టెంబరు 1న కాన్సలగు ఆంటనీ సెనేటును సమావేశపఱచగా, ప్రయాణపు బడలిక నెపముతో సిసిరో పోలేదు. ఇల్లు పడగొట్టింతునని ఆంటనీ బెదిరించెను. మఱునాడు ఆంటనీ లేని సభలో సిసిరో మొదటి యుపన్యాసమును మిక్కిలి సంయమముతో చేసెను. ఆంటనీ టైబరునందలి తోటయింటిలో ఒక యుపాధ్యాయుని దగ్గఱ నుంచుకొని పదునేడు దినములు ప్రత్యుత్తరమును సాధనచేసి, 19వ తేదీన సెనేటున సిసిరోను తూర్పారబట్టెను. ఆ యుపాధ్యాయునకు సిసిలీ ద్వీపమున 2,000 యూగెరముల భూమి, అనగా మన లెక్కకు సుమారు 1,250 ఎకరములు, పన్ను లేకుండ దక్కినదని సిసిరో యెత్తిపొడిచినాడు. పద్యము చెప్పినందుకు అగ్రహారములు పొందిన కవులు మనకు కలరు గాని, తిట్ల పాఠమునకు ఇంతటి మాన్యము దొరకుట యపూర్వము.

ఈ దాడికి సమాధానముగా పుట్టినదే రెండవ ఫిలిప్పికము. ఇది ఎన్నడును పలుకబడిన యుపన్యాసము కాదు. సెప్టెంబరు 19నాటి సభలోనే లేచి మాటాడుచున్నట్లు నటించుచు సిసిరో దీనిని వ్రాసికొని, అక్టోబరు 25న మిత్రుడగు అట్టికసునకు పంపి, ఎప్పుడు వెలువరింపదగునో నీవే చూడుమని కోరెను. ఆ కాలపు పద్ధతులలో దీనిని గుప్తముగా చేతులు మాఱిన కరపత్రమనుట యుక్తము. అయినను రోమను కవి జువెనాలు మొదలుకొని నేటి పాఠ్యసంకలనకర్తల వఱకు ఫిలిప్పికములలో దీనికే యగ్రపీఠము. కళాదృష్టిచే ఆ గౌరవము తగినదే. మిత్రుని పెండ్లివిందులో త్రాగిన మద్యము మఱునాడు నిండు సభలో, అధికార పీఠముపై నుండగనే, ఆంటనీ కడుపునుండి వెడలివచ్చిన ఘట్టమును, భార్యకు తనను గూర్చిన జాబును తానే వార్తాహరుని వలె ముసుగు వేసికొని తెచ్చియిచ్చిన ఘట్టమును చదువుచు నవ్వు నాపుకొనుట కష్టము. లూపర్కాలియా యుత్సవమున సీజరు తలపై కిరీటము పెట్టబోయిన ఆంటనీని వర్ణించు తావునకు వచ్చునప్పటికి, ఎదుట నున్న ఆంటనీ ముఖము పాలిపోవుచున్నదనియు, చెమటలు పట్టుచున్నవనియు సిసిరో సభ్యులకు చూపించును. ఎదుట ఆంటనీ లేడు, సభ లేదు, సభ్యులును లేరు. చేతిలో గంటముతో నొంటరిగా కూర్చున్న యొక యఱువది రెండేండ్ల వృద్ధుడు మాత్రము కలడు.

మన మీమాంసకులు వేదవాక్యములను విధి, అర్థవాదము మున్నగు తెగలుగా విభజించిరి. 'ఇది చేయవలయును' అని నియోగించునది విధి. స్తుతినిందలచే దానికి తోడ్పడునది అర్థవాదము. విధితో నేకవాక్యత పొందినపుడే అర్థవాదమునకు ప్రామాణ్యము కలుగును. ఈ కొలబద్దతో చూచినచో రెండవ ఫిలిప్పికము ఆద్యంతమును నిందారూపమైన యర్థవాదము. చివరను సెనేటు ముందు పెట్టు తీర్మానము లేదు. తాను చచ్చుటకు సిద్ధమను స్వగతప్రాయమైన మాటతో ముగియును. మూడు, అయిదు, ఎనిమిది, తొమ్మిది, పది, పదునొకండు, పదుమూడు, పదునాల్గవ యుపన్యాసములు ఇట్టివి కావు. వాని తుదిని నియతమైన శాసనభాషలో తీర్మానపాఠము కలదు. వర్ణనలు, చమత్కారములు, ఆక్రోశములు అన్నియు ఆ నాలుగు పంక్తులకొఱకే. ఆ పంక్తులు శుష్కములని పాఠకులు దాటిపోవుదురు. రోమున పని చేసిన మాటలు అవియే.

ఇందులకు ఎనిమిదవ ఫిలిప్పికము మంచి తార్కాణము. ఆంటనీ సైన్యముతో ముటీనా పట్టణమును ముట్టడించియుండగా, క్రీ.పూ. 43 ఫిబ్రవరి ప్రారంభమున సెనేటు కూడెను. వచ్చిన చర్చ యంతయు ఒక మాటపై. ఈ పరిస్థితిని 'బెల్లము' అనవలయునా, 'టుముల్టసు' అనవలయునా? మొదటిదానికి యుద్ధమని యర్థము. రెండవదానిని మనము అలజడి యని తెనిగింపవచ్చును. ఆంటనీ మేనమామయగు లూసియసు సీజరు యుద్ధమను మాటను తీసివేసి అలజడి యను మాట చేర్పుమని సూచింపగా సభ యొప్పుకొనెను. మేనల్లునిపై కనికరముతో మెత్తని మాట వెదకినాడన్నమాట. మఱునాడు సిసిరో లేచి సభ్యులకు వ్యాకరణపాఠము చెప్పెను. అలజడి లేని యుద్ధ ముండవచ్చును గాని యుద్ధము లేని అలజడి యుండదనియు, పూర్వులు ఇటలీలోపల గాని సమీపమున గాల్ జాతివారితో గాని పుట్టిన పోరునకే ఆ పేరు పెట్టిరనియు, యుద్ధమున చెల్లు సైనికసేవా మినహాయింపులు అలజడియందు చెల్లవు గనుక అదియే యెక్కుడు ఘోరమనియు నిరూపించెను. అధికమైన భయమునుండియే ఆ పదము పుట్టినదని యొక వ్యుత్పత్తియు చెప్పెను. ఈ నిరుక్తిని భాషాశాస్త్రము సమ్మతింపదు; మన నిఘంటు వ్యాఖ్యాతలు చెప్పు వ్యుత్పత్తులలోను ఇట్టివి కొల్లలు. వాదము మాత్రము శాస్త్రీయము. మెత్తన యనుకొని యెన్నుకొన్న మాట, రోమను ధర్మశాస్త్రమున, కఱకైనదిగా తేలినది! నిర్ణయమైన వెంటనే పౌరులు టోగాను విడిచి సైనికుల యుత్తరీయమును ధరించిరి. కాన్సలు పదవి చేసిన పెద్దలకు ఇందు మినహాయింపు కలదు. సిసిరో దానిని త్రోసిపుచ్చి, తానును ఆ యుత్తరీయమునే ధరింతునని ప్రకటించెను. ఒక పదమున కర్థము తేలుటతో నగరమంతయు వేషము మార్చినది.

అలజడి, యుద్ధము అను తెలుగు మాటలతో ఈ ఘట్టమును చదివినవారికి లూసియసు సీజరుదే న్యాయమని తోచును. మన భాషలో అలజడి చిన్నది, యుద్ధము పెద్దది. అనువాదమున కథ నిలిచి, ప్రాణము పోవుట యనగా నిదియే. 'హోస్టిసు' అను మాటయు నిట్టిదే. లాటినున సొంత పగవాడు 'ఇనిమీకసు', రాజ్యమునకు శత్రువు 'హోస్టిసు'. మనకు శత్రువన్నను పగవాడన్నను ఒక్కటే. ఆంటనీని హోస్టిసుగా ప్రకటింపుమని సిసిరో నెలల తరబడి వాదించినాడు. క్రీ.పూ. 44 డిసెంబరు 20న ఆయన ప్రజలతో చెప్పినది తర్కశాస్త్రమున కుదాహరణముగా నుంచదగినది: ఆంటనీ కాన్సలే యైనచో అతనిని విడిచివచ్చిన సైన్యములు రాజద్రోహులు; ఆ సైన్యములను సెనేటు మెచ్చుకొన్నది; కావున సెనేటు నోట ఆ మాట ఇంకను రాకున్నను ఆంటనీ శత్రువే. ఈ యనుమాన ప్రమాణమును ప్రజలు హర్షించిరి. సెనేటు మాత్రము కొత్త యేడు జనవరి 4న దూతలను పంపుటకే నిశ్చయించినది. ముటీనాలో ఆంటనీ యోడిన తరువాత, ఏప్రిలు చివరగాని ఆ పదము తీర్మానమున కెక్కలేదు. మాటకై యిన్ని నెలలు పెనగులాడుటను వృద్ధుల చాదస్తముగా చూచు చరిత్రకారులు లేకపోలేదు. ఆ పదము పడినచో ఆంటనీ పౌరుడు కాడు. అతని చేతిక్రింది సైనికుడు ప్రతివాడును ద్రోహియగును. అతని మిత్రులు అడ్డుపడినది ఇందులకే.

ఆ దూతలలో సర్వియసు సుల్పీసియసు అను ధర్మశాస్త్రకోవిదుడు దారిలో జబ్బుచే మరణించెను. దౌత్యమున చంపబడినవానికే రోస్ట్రాపై విగ్రహము నిలుపుట యాచారమనియు, ఇతడు జబ్బున పోయినాడనియు ఒక సభ్యుడు ఆక్షేపించెను. మృత్యువునకు హేతువైన దౌత్యమే చంపినది, ఆ దౌత్యమునకు హేతువు ఆంటనీ, కావున చంపినవాడు ఆంటనీయే యని తొమ్మిదవ ఫిలిప్పికమున సిసిరో వాదము. 'చంపబడుట' యను క్రియకు అర్థవిస్తరణము సాధించి కంచువిగ్రహము నిలిపించినాడు. అది తమ కాలమునకును నిలిచియున్నదని తరువాతి న్యాయవేత్త పొంపోనియసు చెప్పియున్నాడు. రోమున శబ్దార్థచర్చ పండితుల కాలక్షేపము కాదనుటకు ఇంతకన్న నేమి కావలయును?

ఇంతవఱకు మేము సిసిరో పక్షమున చెప్పితిమి. ఈ శక్తినే ఆయన వినియోగించిన తీరు నిర్దోషమని మాత్రము చెప్పజాలము. సీజరు దత్తపుత్రుడగు ఆక్టేవియను పందొమ్మిదేండ్ల ప్రాయమున, ఏ పదవియు లేక, సొంత సొమ్ముతో సైన్యమును కూడగట్టెను. రోమను ధర్మము ప్రకారము ఇది రాజద్రోహము. మూడవ ఫిలిప్పికమున సిసిరో దానిని సొంత యాలోచనచే రాజ్యమును విడిపించిన మహాకార్యముగా వర్ణించి, సెనేటుచే మెప్పించినాడు. అక్రమమునకు సక్రమమని పేరు పెట్టుట కూడ ఆ నామకరణశక్తిలోనిదే గదా! క్రీ.పూ. 44 ఏప్రిలులో, ఇంటివారు ఆ బాలుని సీజరని పిలుచుచున్నను తాను పిలువలేదని అట్టికసునకు వ్రాసిన సిసిరోయే, ఆ యేడు ముగియకముందే నిండుసభలో గాయసు సీజరని సంబోధించుచున్నాడు. ఆ బాలునకు గల సర్వస్వమును పేరొక్కటే యని ఆంటనీ ఎగతాళి చేసిన జాబు పదుమూడవ ఫిలిప్పికమున ఖండఖండములుగా చదువబడి ఖండింపబడినది. ఆంటనీ మాట కఠినమే గాని, అబద్ధము కాదు.

ఆలంకారికులు శ్లేషను మెచ్చుకొందురు. రోమను రాజకీయమున శ్లేష చేసిన పని యొకటి కలదు. బాలుని పొగడవలయును, గౌరవింపవలయును, 'ఎత్తవలయును' అని సిసిరో అనినట్లు క్రీ.పూ. 43 మే నెలలో డెసిమసు బ్రూటసు ఆయనకు జాబు వ్రాసి హెచ్చరించెను. ఆ మూడవ లాటిను క్రియకు పైకెత్తుట, అడ్డు తొలగించుట అను రెండర్థములు కలవు. మన 'ఎత్తు', 'ఎత్తివేయు' అను వానికి దగ్గఱ. ఆ మాట ఆక్టేవియను చెవిని పడినది. తన నెత్తివేయు నవకాశ మెవరికిని ఈయనని అతడనెనట. ఆఱు నెలలు తిరుగకముందే ఆక్టేవియను, ఆంటనీ, లెపిడసు ఏకమైరి. ఇది శ్లేష ఫలమే యనుట చాపల్యమగును. సైన్యముల లెక్కలు వేఱుగా నున్నవి.

నవంబరు 27న వారి త్రయాధిపత్యము శాసనబద్ధమైనది. పిమ్మట తెల్లని పలకలపై పేర్లు వెలువడినవి. 'ప్రోస్క్రిప్టియో' యనగా బహిరంగముగా వ్రాసి ప్రకటించుట, క్రీ.పూ. 82లో సల్లా దీనికి 'వ్రాయబడినవానిని చంపవచ్చును' అను నర్థమును సంపాదించి పెట్టెను. ఇక్కడ వాదము లేదు, సభ లేదు, అడ్డుచెప్పు ట్రిబ్యూను లేడు. పేరు వ్రాయుటయే కార్యము. పేరు పెట్టు శక్తిని సెనేటునుండి సైన్యాధిపతులు గుంజుకొనిరనుటకు ఈ పలకలే సాక్ష్యము. లెపిడసు తమ్ముని, లేక యన్నను, ఆంటనీ మేనమామను ఒండొరులకు విడిచిపెట్టిరి. ఆ మేనమామ, అలజడి యను మెత్తని మాటను సూచించిన లూసియసు సీజరే. సోదరి యడ్డుపడుటచే బ్రదికిపోయెను. సిసిరోకై ఆక్టేవియను రెండు దినములు పట్టుపట్టి మూడవనాడు విడిచెనని ప్లూటార్కు చెప్పుచున్నాడు. డిసెంబరు 7న సిసిరోను చంపి, తలను చేతులను తెచ్చి రోస్ట్రాపై నుంచిరి. ఫిలిప్పికములను వ్రాసిన చేయి గనుక చేయియు కోయించిరని ప్రాచీనుల మాట.

తరువాతి తరమున వక్తృత్వము బడులలోనికి పోయినది. పెద్ద సెనెకా కూర్చిన గ్రంథమున విద్యార్థుల యభ్యాసవిషయములు రెండు కానవచ్చును: సిసిరో ఆంటనీని ప్రాణభిక్ష వేడవలయునా? తన గ్రంథములను తగులబెట్టినచో విడిచెదనని ఆంటనీ యన్నచో తగులబెట్టవలయునా? తగులబెట్టరాదని యందఱును బహు చక్కగా వాదించిరి. ఆ వాదములలో కొన్ని నిజముగా మనోహరములు. వాని తుదిని తీర్మానము మాత్రము లేదు, ఓటు లేదు. రెండవ ఫిలిప్పికమునకు లభించిన అగ్రస్థానము ఈ బడుల తీర్పుగా మాకు తోచుచున్నది. సభ పోయిన పిమ్మట సభలేని యుపన్యాసమే ఆదర్శమగుట సహజము.

ఆగస్టసు బిరుదము ధరించిన ఆక్టేవియను తన కార్యములను తానే వ్రాయించిన శాసనము అంకారా నగరమున దేవాలయపు గోడలపై లాటిను, గ్రీకు భాషలలో నేటికిని నిలిచియున్నది. అందు తన కితరులకన్న నెక్కుడుగ నున్నది 'ఆక్టోరిటాసు' గాని 'పొటెస్టాసు' కాదని చెప్పుకొనెను. రెండవది పదవితో వచ్చు నధికారము. మొదటిదానికి గ్రీకున సరియైన మాట లేదని కాసియసు డియో వాపోయినాడు. తెలుగున 'పెద్దఱికము' అనినచో చాలవఱకు సరిపోవును. రాజు, డిక్టేటరు అను పేర్లను వర్జించి, పూర్వరాజ్యపు పదములనన్నిటిని పదిలముగా నిలిపి, అతడు రాజ్యమేలెను. శాసనారంభమున, తాను పందొమ్మిదేండ్ల వయస్సున సొంత యాలోచనతో, సొంత వ్యయముతో సైన్యమును కూర్చి, రాజ్యమునకు స్వాతంత్ర్యము తెచ్చితినని వ్రాయించినాడు. 'సొంత యాలోచన' యను నా లాటిను పదబంధము మూడవ ఫిలిప్పికమున సిసిరో అతనికి సమకూర్చినదే. శాసనమున ఆంటనీ పేరు లేదు. సిసిరో పేరును లేదు.